భాస్వరమును వెళ్లగొట్టిన గుమాస్తా

నూరు పాళ్ల ఉక్కులో భాస్వరము అరపాలు ఉన్నను చాలును, చలికాలపు రోజున గట్టి దెబ్బ తగిలినచో ఆ ఉక్కు పుటుక్కున విరిగిపోవును. లోహమును కరగించుట మానవుడు ఏనాడో నేర్చెను. కరగిన లోహమునుండి మలినమును వేరుచేయుటకు మాత్రము చాలకాలము పట్టినది.

1856లో హెన్రీ బెస్సిమర్ అను ఆంగ్లేయుడు, కరగిన పోత ఇనుములోనికి గాలిని ఊది ఉక్కు చేయు పద్ధతిని ప్రకటించెను. గాలిలోని ఆమ్లజని ఇనుములోని సిలికానును, కర్బనమును మండించును. ఆ వేడియే లోహమును గడ్డకట్టనీయదు; వేరుగా బొగ్గు అక్కరలేదు. పలువురు కర్మాగారముల యజమానులు హక్కులు కొని, తమ ఇనుముతో ప్రయత్నించిరి. వచ్చిన ఉక్కు పెళుసై పగిలినది. బెస్సిమర్ వాడిన ఇనుములో భాస్వరము స్వల్పము; వారి ఇనుములో హెచ్చు. ఐరోపాలోని ఖనిజములలో చాలభాగము ఇట్టివే.

ఈ చిక్కును విడదీసినవాడు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్. అతడు లండనులో పోలీసు కోర్టు గుమాస్తా. పగలు కొలువు, సాయంకాలము బిర్క్‌బెక్ సంస్థలో రసాయనశాస్త్ర పాఠములు. బెస్సిమర్ కొలిమిలో భాస్వరమును తొలగించగలవానికి గొప్ప సంపద లభించునని అక్కడి అధ్యాపకుడు ఒకనాడు చెప్పిన మాట అతని మనస్సున నాటుకొన్నది.

కొలిమిలో భాస్వరము మండకపోవుటలేదు. మండి ఏర్పడిన ఆక్సైడు ఆమ్లగుణము గలది. కొలిమి లోపలి ఇటుకలును సిలికాతో చేసినవే; అదియు ఆమ్లగుణము గలదే. ఆమ్లము ఆమ్లమును పట్టి ఉంచజాలదు గదా! అందుచే భాస్వరము మరల ఇనుములోనే చేరుచుండెను. దానిని బంధించుటకు క్షారగుణము గల సున్నము కావలెను. థామస్ కొలిమి లోపల డోలమైటు ఇటుకలు పేర్చి, లోహముతోపాటు సున్నమును వేయించెను. భాస్వరము కాల్షియం ఫాస్ఫేటుగా మారి చిట్టెములో చేరినది. వేల్సులోని బ్లేనావన్ కర్మాగారమున రసాయనికుడుగానున్న అతని బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్ ఈ ప్రయోగములు చేసిపెట్టెను.

1878లో థామస్ ఈ సంగతి ఇనుము ఉక్కు సంస్థ సభలో చెప్పగా ఎవరును పట్టించుకొనలేదు. 1879 ఏప్రిల్ 4న మిడిల్స్‌బరోలో పెద్ద కొలిమిలో చేసి చూపినపిమ్మట ఐరోపా అంతయు కదలినది. లొరేన్ ప్రాంతపు భాస్వర ఖనిజములు పనికివచ్చినవి. పారవేయవలసిన చిట్టెము పొలములకు ఎరువైనది. థామస్ 1885లో, 34వ ఏట కన్నుమూసెను.

2004లో తైవానులో యే, ఇంగ్లండులో కాంటర్ అధిక ఎంట్రోపీ మిశ్రలోహములను ప్రకటించిరి. ఇనుము, నికెలు, కోబాల్టు, క్రోమియము, మాంగనీసులను సమపాళ్లలో కలిపినది ఇందుకొక ఉదాహరణము. వీనికి థామస్ ఉపాయము నేరుగా చెల్లదు. ఆమ్లజనిని పంపినచో భాస్వరముకంటె ముందు క్రోమియము, మాంగనీసు కాలిపోవును. శూన్యములో కరగించినచో మాంగనీసు ఆవిరియగును. గంధకమును తగ్గించుటకు మాత్రము సున్నపు చిట్టెము నేటికిని ఉపకరించుచున్నది. భాస్వరము విషయమున, అది లేని శుద్ధలోహములను ముందే ఎన్నుకొనుట మేలు. మూసలోనికి వచ్చినదానిని వెళ్లగొట్టుట మిక్కిలి కష్టము.