కప్ప కాళ్లు అమ్మి పురుగుమందు కొన్న కాలం

తొలకరి దగ్గర పడుతోంది కదా, ఈసారి కప్పల చరిత్ర రాద్దామనుకున్నా. నవ్వకండి, ఇది మన పొలం చరిత్రే.

వాన రాకపోతే మన పెద్దోళ్లు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించేవాళ్లు. కప్పతల్లి అన్నారు. వానకీ కప్పకీ పొలానికీ ఉన్న సంబంధం వాళ్లకి బడికి పోకుండానే తెలుసు.

అలాంటి కప్పని మన దేశం టన్నుల లెక్కన అమ్మింది. 1950ల తర్వాత యూరప్, అమెరికా హోటళ్లకి కప్ప కాళ్ల ఎగుమతి బాగా పెరిగింది. 1980ల మొదట్లో ఒక ఏడాది 4 వేల టన్నులు కూడా దాటింది. కాళ్లు అంటే వెనక కాళ్లే. మిగతాది పారేయడమే. ఒక కిలోకి ఎన్ని కప్పలు పోయుంటాయో మీరే లెక్కేసుకోండి.

ఎక్కువగా పోయింది బోదురు కప్ప. తొలకరికి మగది పసుపుపచ్చగా మారి, గొంతు పక్కన నీలం సంచులు ఉబ్బించి అరుస్తుందే, అదే. పట్టేవాళ్లు రాత్రిపూట దీపాలు పట్టుకుని వరి మడుల్లో తిరిగేవారు. వానాకాలంలో, గుడ్లు పెట్టే అదనులోనే పట్టేస్తే ఇంకేం మిగులుతుంది? విత్తనపు వడ్లు వండుకు తిన్నట్టే.

బోదురు కప్ప తిండి పురుగులు, చిన్న పీతలు. కప్ప కాళ్ల మీద వచ్చే డాలర్ల కన్నా, కప్ప చేసే పనికి బదులు కొనే పురుగుమందుకే ఎక్కువ పోతోందని అప్పట్లో పర్యావరణం వాళ్లు గట్టిగా వాదించారు. 1985లో ఈ కప్పని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. 1987లో మన ప్రభుత్వం ఎగుమతి పూర్తిగా ఆపేసింది. ఆ వ్యాపారం బంగ్లాదేశ్‌కి, తర్వాత ఇండోనేషియాకి మళ్లింది.

మరి ఎగుమతి ఆగి ఇన్నేళ్లయినా మడుల్లో ఆ రొద ఎందుకు లేదు? జాతి అంతరించలేదు, నిజమే. కానీ కుంటలు పూడిపోయాయి, గట్ల మీద గడ్డికి కూడా కలుపుమందు కొడుతున్నారు. కప్ప నీళ్లు నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. నీళ్లలో కలిసిన మందు నేరుగా ఒంట్లోకి పోతుంది. తోకకప్పల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2023లో ప్రపంచమంతటా 8 వేల ఉభయచర జాతుల లెక్క తీస్తే, నూటికి 41 ప్రమాదంలో ఉన్నాయని తేలింది.

లెక్క తీయడమంటే పెద్ద చదువులే కావాలని లేదు. మన దేశంలో కనపడకుండా పోయిన కప్పల కోసం 2010లో ప్రొఫెసర్ ఎస్.డి. బిజు వెతుకులాట మొదలుపెట్టించారు. 136 ఏళ్లుగా ఎవరూ చూడని ఒక చిన్న కప్ప పడమటి కనుమల్లో మళ్లీ దొరికింది. ఇలాంటి పనిలో కంటి కన్నా ముందు చెవే సాయం. ఒక్కో జాతిది ఒక్కో అరుపు, అరిచేది మగదే.

ఆ చెవి మనకీ ఉంది. మొదటి పెద్దవాన పడిన రాత్రి గట్టు మీద పది నిమిషాలు నిలబడండి. ఎన్ని రకాల అరుపులు, ఏ మడి వైపు నుంచో, తేదీ వేసి మందుల ఖర్చు రాసే పుస్తకంలోనే రాయండి. వచ్చే ఏడు అదే చోట మళ్లీ వినండి. పొలంలో ఓ మూల నీళ్లు నిలిచే గుంట ఉంటే పూడ్చొద్దు. అరుపు వినపడిన వారం ఆ చుట్టుపక్కల మందు కొట్టొద్దు.

రెండు మూడేళ్లు రాస్తే, కప్పల లెక్క పక్కన మందుల ఖర్చు ఎటు పోతోందో మన పుస్తకమే చెబుతుంది.