నర్సు ఆ గదిలోకి ఎందుకు వెళ్లలేదు? లెక్కలకి దొరకని ఒక చరిత్ర

ఆసుపత్రిలో నర్సింగ్ కేర్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంజెక్షన్ టైముకి ఇచ్చారా, బీపీ చూశారా... ఇవన్నీ లెక్కపెట్టొచ్చు. కానీ నర్సు రోగి పక్కన కాసేపు నిలబడి మాట్లాడిందా, తప్పించుకుని వెళ్లిపోయిందా? దీనికి చార్టులో గడి ఉండదు. ఈరోజు దాని గురించే చెప్తాను.

1961, అమెరికా. డొనాల్డ్ ఓకెన్ అనే డాక్టర్ 219 మంది డాక్టర్లతో చేసిన సర్వే ప్రచురించారు. దాదాపు 90 శాతం మంది, క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. సరే, డాక్టర్ రౌండ్స్ ముగించి వెళ్లిపోతాడు. మరి "నాకేమైంది సిస్టర్?" అని రోగి అడిగితే నర్సు ఏం చెప్పాలి?

అప్పుడే శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నర్సింగ్ స్కూల్లో ఆన్సెల్మ్ స్ట్రాస్, బార్నీ గ్లేజర్ అనే సోషియాలజిస్టులు, జీన్ క్వింట్ అనే నర్సు దీని మీద పనిచేశారు. వాళ్లు వార్డుల్లో తిరిగారు, చూశారు, మాట్లాడారు, రాసుకున్నారు. ముందే ఒక సిద్ధాంతం పట్టుకుని వెళ్లలేదు. చూసినవాటిని ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ, వాటిలోంచే సిద్ధాంతం కట్టారు.

వాళ్లకి నాలుగు పరిస్థితులు కనిపించాయి. ఒకటి, చనిపోబోతున్నానని రోగికి తెలియదు, సిబ్బందికి తెలుసు. రెండు, రోగికి అనుమానం. మూడు, ఇద్దరికీ తెలుసు, తెలియనట్టు నటిస్తారు. నాలుగు, దాపరికం లేదు. మొదటి పరిస్థితిలో, ఎక్కడ నోరు జారుతుందోనని నర్సులు ఆ గదిలో తక్కువసేపు ఉండేవారు. మనసు లేక కాదండీ. అబద్ధం మోసే బరువు వాళ్ల మీద పడింది కాబట్టి!

ఇదంతా 1965లో 'అవేర్‌నెస్ ఆఫ్ డయింగ్' పుస్తకంగా వచ్చింది. 1967లో గ్లేజర్, స్ట్రాస్ తమ పద్ధతిని 'గ్రౌండెడ్ థియరీ' పేరుతో వివరించారు. అదే ఏడాది క్వింట్, చావు దగ్గర ఎలా నిలబడాలో నర్సులకు చదువులో నేర్పడం లేదని తన పుస్తకంలో చూపించారు.

1979లో ఇలాంటి సర్వేనే మళ్లీ చేస్తే, 97 శాతం డాక్టర్లు చెప్పడమే మేలన్నారు. కాలం మారింది. కానీ మన ఇళ్లల్లో ఇప్పటికీ "పెద్దాయనకి చెప్పకండి" అంటాం కదా? ఆ మాట అన్నాక మనం ఇంటికొచ్చేస్తాం. రాత్రంతా ఆయన ప్రశ్నలకి జవాబు చెప్పాల్సింది మాత్రం నర్సే. ఆమె ముఖం తిప్పుకుందని కంప్లైంట్ చేసే ముందు, ఆమె నోరు ఎవరు కట్టేశారో ఒకసారి ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.