ఎడపల్లి ఒడ్డు మీద ఒంటికాలు

తెల్లారి ఆరున్నర. ఎడపల్లి దాటి అలీసాగర్ వైపు పోయే దారి పక్కన, పొలం ఒడ్డు మీద మీరు చెప్పులు విడిచి నిలబడ్డారు. యాసంగి నాట్లు. రెండు పక్కలా మడుల నిండా నీళ్లు. కాలు జారితే బురదే.

కుడికాలి మీద బరువు వేయండి. మోకాలు కాస్త సడలించి, నడుము వంచకుండా తుంటి దగ్గర ముందుకు వంగండి. ఎడమకాలు వెనక్కి లేస్తుంది. జిమ్ముల్లో దీన్ని సింగిల్ లెగ్ డెడ్‌లిఫ్ట్ అంటారు. ఇక్కడ మోసేది మీ ఒళ్లే.

కిందికి చూడండి. బొటనవేలు మట్టిని పట్టి వదులుతోంది, చీలమండ లోపలికీ బయటికీ ఊగుతోంది. అరికాలు, చెవి లోపలి గొట్టాలు, కళ్లు పంపే కబుర్లను బట్టి ఒళ్లు క్షణక్షణం సర్దుకుంటోంది. ఆ వణుకు ఆగిపోవాలని చూడకండి.

ఎడమ తుంటి పైకి తిరిగిపోతోంది కదా? అందరికీ అక్కడే తప్పుతుంది. దాన్ని నేలవైపు దించండి. వెంటనే పొత్తికడుపు చుట్టూ లోపలి కండరం బిగుస్తుంది. ఊపిరి బిగబట్టొద్దు.

"కొంగ లెక్క నిలవడ్డవేంది సారూ, చేపలేమన్న దొరికినయా?"

నెత్తిన నారుకట్టలతో ఒకామె అదే ఒడ్డు మీద, పాదాల వంక చూడకుండా దాటిపోయింది. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడక ముందు, ఇటువైపు చెరకు మోపు నెత్తిన పెట్టుకొని పలక మీదుగా లారీ ఎక్కినవాళ్ల ముందు మన కసరత్తు ఎంత! అలాగని పొలం పనే చాలనే మాట నేను ఒప్పుకోను. పొద్దంతా ఒకే వంపులో నాట్లేస్తే నడుము అరిగిపోతుంది తప్ప బలపడదు.

ఇక వంపు మానేసి, నిటారుగా ఒంటికాలి మీద 10 సెకన్లు. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల 1,702 మందిని ఇలాగే నిలబెట్టి చూశారు, ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. సుమారు ఐదో వంతు మంది నిలవలేకపోయారు. తర్వాతి ఏళ్లలో మరణాలు వాళ్లలోనే ఎక్కువ. ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని కాదు, ఒంట్లో ఎక్కడో ఏదో తగ్గుతోందని అది చెబుతుందేమో. పెద్దవాళ్లు మాత్రం గోడ పక్కన, చెయ్యి అందేంత దూరంలోనే చేయాలి.

ఇప్పుడు కళ్లు మూయండి. మూడు లెక్కపెట్టేలోపే ఎడమకాలు మోకాలి దాకా మడిలో దిగింది. నాట్లేసేవాళ్లు పగలబడి నవ్వుతున్నారు.