నీట్ మాక్ టెస్ట్: రాయడం సగం, తప్పులు దిద్దుకోవడం సగం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి, పత్తి మీద బతికే కుటుంబాలకు లాంగ్ టర్మ్ కోచింగ్ పెద్ద భారం. ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో చేసుకోగలిగిన సాధన మాక్ టెస్ట్. అయితే పేపర్లు వరసగా రాసి పక్కన పడేస్తే మార్కులు పెరగవు.

పేపర్ ఎలా ఉంటుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి ఎంబీబీఎస్ సీట్లు ఎంసెట్ బదులు నీట్ ర్యాంకుతో ఇస్తున్నారు. 2025 పేపర్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, 180 నిమిషాలు. బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. 2021-2024 పేపర్లలో ఛాయిస్‌తో కలిపి 200 ప్రశ్నలుండేవి. వాటితో సాధన చేసేటప్పుడు 180 ప్రశ్నలే తీసుకోవాలి. పాత పేపర్లు, కీలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఎలా రాయాలి?

2025లో పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, మే ఎండల్లో జరిగింది. మాక్ టెస్ట్ కూడా అదే టైమ్‌కి, ఫోన్ పక్కన పెట్టి, ఓఎంఆర్ షీట్ మీద పెన్నుతో రాయాలి. బయాలజీకి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కి 60 పెట్టుకుంటే సరిచూసుకోవడానికి 20 మిగులుతాయి. రంజాన్‌లో సహరీ, ఫజర్ తర్వాత రాసుకుని, ఈద్ అయ్యాక మళ్లీ మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు.

రాశాక ఏం చేయాలి?

130 సరైనవి, 50 తప్పులైతే వచ్చేది 470. ఆ తప్పుల్లో అసలు తెలియని 30 వదిలేసి ఉంటే 500. అందుకే ప్రతి తప్పునూ నోట్‌బుక్‌లో మూడు రకాలుగా రాయాలి: పాఠం తెలియక, ప్రశ్న సరిగ్గా చదవక, లెక్క తప్పి. మొదటి రకానికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మళ్లీ తీయాలి. మిగతా రెండింటికీ మందు సాధనే. వారం తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ చేయాలి. అప్పటిదాకా కొత్త పేపర్ ముట్టుకోకపోవడం మేలు.

భాష, కోటా

ప్రశ్నపత్రం తెలుగు, ఉర్దూ సహా 13 భాషల్లో ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ఫైనల్. కాబట్టి తెలుగు, ఉర్దూ మీడియం పిల్లలు ఇంగ్లిష్ పదాలు కూడా నేర్చుకోవాలి. హిజాబ్ లాంటి సంప్రదాయ దుస్తులతో వెళ్లేవారు తనిఖీ కోసం సెంటర్‌కి ముందుగా చేరాలి. టైమ్ హాల్‌టికెట్‌లో చూసుకోవాలి.

బీసీ-ఈ జాబితాలోని ముస్లిం వర్గాలకు రాష్ట్రంలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ కోటాలోనూ సీటు తేల్చేది ర్యాంకే. కౌన్సెలింగ్ నాటికి సర్టిఫికెట్ చేతిలో ఉండేలా పెద్దలు ముందే చూసుకోవాలి.