జనగణనము - ద్రవ్యలోపము

మన దేశమున 1881 మొదలు పదియేండ్లకొకసారి జనులను లెక్కించుచు వచ్చిరి. సంపుటములు వెలువడగానే ఆ కచేరి మూతపడెడిది. మరల గణనము వచ్చునప్పటికి క్రొత్తవారు ఓనమాలు దిద్దుకొనవలసినదే.

ఇందలి నష్టమునకు 1941 గణనమును మించిన సాక్ష్యము మాకు కానరాదు. శారదా చట్టము 1930 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. గడువు దాటకమున్నే పసిబిడ్డలకు పుస్తెలు కట్టించిన తొందరను 1931 పట్టికలు బయటపెట్టినవి. ఆ బిడ్డలలో నెందఱు వితంతువులైరి? చట్టము పిమ్మట బాల్యవివాహములు తగ్గెనా? వయస్సును, వివాహస్థితిని దెలుపు పట్టికలే దీనికి బదులు చెప్పవలయును. యుద్ధకాలపు పొదుపు పేరిట బ్రిటిషు ఇండియా ప్రభుత్వము వానికి సొమ్మీయలేదు. మైసూరు, తిరువాన్కూరు సంస్థానములు మాత్రము తమ పట్టికలను ముగించుకొన్నవి. ఇంటింట వ్రాసిన చీట్లున్నవి, వానిని కూర్చుటకు కూలి లేదు! కోసిన పంటను నూర్చుటకు డబ్బు లేదను రైతును చూచి మనము నవ్వమా?

గణనాధికారియైన యీట్సు హయాములో నూటికి రెండు చీట్లు వేఱుచేసి దాచుట కొంత మేలు. వానినుండియే తరువాత వయఃపట్టికలు కొన్ని సిద్ధమైనవి.

1948లో గణన చట్టము, 1949లో స్థిరమైన కచేరి యేర్పడెను. అయినను 2021 గణనము ఆ యేట జరుగలేదు. కోవిడు కారణమనిరి. 2013 నాటి ఆహారభద్రతా చట్టమున చవుక ధాన్యము పొందువారి సంఖ్య 2011 లెక్కలనుబట్టి నిర్ణయమైనది. ఆ పిమ్మట పుట్టిన బిడ్డ ఆ లెక్కలో లేదు.