బెంటన్‌విల్‌లో ఇల్లు కొంటున్నారా? ఒకే ఇంటికి నాలుగు 'ధరలు'.. ఏది నమ్మాలి?

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లంటే డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియానే గుర్తొస్తాయి. కానీ ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని ఓ చిన్న సిటీ పేరు కూడా తెలుగు టెకీల నోట తరచూ వినిపిస్తుంది. అదే బెంటన్‌విల్. రిటైల్ దిగ్గజం వాల్‌మార్ట్ హెడ్‌క్వార్టర్స్ ఉన్నది ఇక్కడే. ఊరు చిన్నదే అయినా ఇళ్ల మార్కెట్ మాత్రం మామూలుగా లేదు. ఇక్కడ ధరలు ఎందుకు పెరిగాయి? కొనే ముందు ఏమేం చూడాలి? ఓ లుక్కేద్దాం.

ఊరు ఎంత పెరిగిందంటే..

1990లో బెంటన్‌విల్ జనాభా 11,257. 2000 నాటికి 19,730. 2010లో 35,301. 2020 లెక్కల ప్రకారం 54,164. అంటే ముప్పై ఏళ్లలో దాదాపు ఐదింతలు. పక్కనే ఉన్న సెంటర్టన్ అయితే ఇంకా స్పీడ్. 2000లో అక్కడ ఉన్నది 2,146 మందే. 2020కి 17,792 మంది అయ్యారు. బెంటన్‌విల్‌లో రేటు అందనివాళ్లు సెంటర్టన్, బెల్లా విస్టా, రోజర్స్ వైపు చూస్తున్నారు.

డిమాండ్ ఎక్కడి నుంచి?

ఒకటే సమాధానం.. వాల్‌మార్ట్. ఆ కంపెనీకి సరుకులు అమ్మే సంస్థలు కూడా ఇక్కడే ఆఫీసులు పెట్టుకున్నాయి. 2024 మేలో డల్లాస్, అట్లాంటా, టొరంటో ఆఫీసుల్లోని ఉద్యోగుల్లో చాలామందిని బెంటన్‌విల్, హోబోకెన్, బే ఏరియాల్లో ఏదో ఒకచోటికి మారమని వాల్‌మార్ట్ చెప్పింది. 2025 జనవరిలో సుమారు 350 ఎకరాల్లో కొత్త క్యాంపస్ ఓపెన్ అయింది. 2011లో మొదలైన క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం, సైకిల్ ట్రయల్స్, 2025లో ప్రారంభమైన మెడికల్ స్కూల్ కూడా ఊరికి క్రేజ్ పెంచాయి. వచ్చే జనం ఎక్కువ, కట్టే ఇళ్లు తక్కువ. దాంతో ధరలకు రెక్కలొచ్చాయి.

వడ్డీ దెబ్బ మామూలుగా లేదు

30 ఏళ్ల హోమ్ లోన్‌పై సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి పడిపోయింది. 2023 అక్టోబర్‌లో 7.79 శాతానికి చేరింది. 3 లక్షల డాలర్ల లోన్‌కి మొదటి రేటు ప్రకారం నెలకు దాదాపు 1,209 డాలర్లు. రెండో రేటు ప్రకారం సుమారు 2,158 డాలర్లు. లోన్ అదే, నెల కిస్తీ మాత్రం 950 డాలర్లు ఎక్కువ. తక్కువ వడ్డీ దొరికినవాళ్లు ఇల్లు అమ్మడానికి ఇష్టపడకపోవడానికి ఇదే కారణం. అమ్మితే మళ్లీ ఎక్కువ వడ్డీకి కొత్త లోన్ తీసుకోవాలి కదా మరి.

ఆ నాలుగు ధరలు ఇవే

1. ఆన్‌లైన్ అంచనా: జిల్లో లాంటి సైట్లు చూపించేది. కంప్యూటర్ లెక్క మాత్రమే. ఇంటి లోపల ఏముందో దానికి తెలీదు.

2. అడిగే ధర: అమ్మేవాళ్లు పెట్టుకున్న రేటు. బేరానికి మొదలు, అంతే.

3. అప్రైజల్: బ్యాంకు తరఫున వచ్చే అప్రైజర్ చెప్పే విలువ. మీరు 4.20 లక్షల డాలర్లకు ఒప్పుకున్నారనుకుందాం. అప్రైజల్ 4 లక్షలే వస్తే, బ్యాంకు ఆ 4 లక్షలనే లెక్కలోకి తీసుకుంటుంది. తేడా 20 వేలు మీ జేబులోంచే. లేదంటే మళ్లీ బేరమాడాలి. అందుకే ఒప్పందంలో అప్రైజల్ షరతు ఉందో లేదో చూసుకోవాలి.

4. ట్యాక్స్ విలువ: ఆర్కాన్సాస్‌లో మార్కెట్ విలువలో 20 శాతానికే ప్రాపర్టీ ట్యాక్స్ వేస్తారు. 4 లక్షల ఇంటికి 80 వేలు. ఉదాహరణకు రేటు 60 మిల్లులు ఉంటే, ఏడాదికి 4,800 డాలర్లు. సొంతంగా నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ క్రెడిట్ కింద కొంత తగ్గుతుంది. అప్లై చేసుకోవడం మర్చిపోవద్దు.

ఇక్కడే ఓ మెలిక ఉంది. సొంతంగా ఉంటున్న ఇంటికి ట్యాక్స్ విలువ ఏడాదికి 5 శాతానికి మించి పెంచకూడదు. కానీ ఇల్లు చేతులు మారితే ఆ పరిమితి పోయి, పూర్తి విలువపై లెక్కేస్తారు. పాత ఓనర్ ట్యాక్స్ బిల్లు చూసి 'ఇంతేనా' అనుకుంటే కష్టమే.

వీసాపై ఉన్నవాళ్లు ఇది చదవాల్సిందే

2025 మే 25 నుంచి గ్రీన్ కార్డ్ లేని తాత్కాలిక వీసాదారులకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఆపేశారు. అంటే హెచ్-1బీ వాళ్లకు 3.5 శాతం డౌన్‌పేమెంట్‌తో ఆ లోన్ తీసుకునే దారి మూసుకుపోయింది. మామూలు కన్వెన్షనల్ లోన్ మాత్రం ఇప్పటికీ తీసుకోవచ్చు. డౌన్‌పేమెంట్ 20 శాతం కంటే తక్కువైతే సాధారణంగా మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ అదనం.

అసలు రిస్క్ వేరే ఉంది. ఊరి ఎకానమీ చాలావరకు ఒకే కంపెనీ చుట్టూ తిరుగుతోంది. 2025 మేలో వాల్‌మార్ట్ సుమారు 1,500 కార్పొరేట్ ఉద్యోగాలు తగ్గించింది. హెచ్-1బీ ఉద్యోగి జాబ్ పోతే ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ టైంలో ఇల్లు అమ్మాలంటే వచ్చిన రేటుకే ఇవ్వాల్సి రావొచ్చు. పైగా 7 శాతం వడ్డీకి 3 లక్షల లోన్ తీసుకుంటే, తొలి ఏడాది కట్టే దాదాపు 24 వేల డాలర్లలో అసలుకు వెళ్లేది 3 వేల పైచిలుకే. ఏజెంట్ కమీషన్, క్లోజింగ్ ఖర్చులు కలిపితే ఏడాది రెండేళ్లలో అమ్మినవాళ్లకు నష్టమే ఎక్కువ.

ఇన్సూరెన్స్ సంగతీ చూడండి

2024 మే 26న బెంటన్ కౌంటీని టోర్నడో కుదిపేసింది. డెకేటర్, రోజర్స్‌లో భారీ నష్టం జరిగింది. పాలసీలో గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్ విడిగా ఉందేమో ముందే అడగాలి. రూఫ్ వయసు కూడా కనుక్కోవాలి.

మొత్తంగా చెప్పాలంటే.. కనీసం ఐదారేళ్లు ఉంటామన్న నమ్మకం, ఆరు నెలల కిస్తీలకు సరిపడా చేతిలో డబ్బు ఉంటే ముందుకెళ్లొచ్చు. అద్దె కట్టడం దండగ అన్న మాటకు తొందరపడొద్దు. వీసా, ఉద్యోగం రెండూ ఊగిసలాటలో ఉంటే, అద్దె ఇల్లే సేఫ్.