శిస్తు బాకీలో పుట్టిన వేలంపాట

జగ్గయ్యపేట ఒకప్పుడు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు నిలబెట్టడానికి కట్టించిన పేట అది. భూమిని బాకీ కింద పాటకు పెట్టే పద్ధతి మన మెట్టసీమకు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆ వంశం దగ్గరే మొదలుపెట్టాలి.

1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కుంపిణీ శాశ్వత శిస్తు తెచ్చింది. జమీందారుకు భూమి మీద హక్కు రాసిచ్చి, ఏటా కట్టాల్సిన పేష్కషును ఖాయం చేసింది. వాన రాకున్నా, పంట పోయినా తగ్గింపు లేదు. కట్టలేకపోతే ఎస్టేటు వేలానికి వస్తుంది. అంతకుముందు బాకీపడ్డ జమీందారు మీదికి బలగాన్ని పంపేవారు. భూమిని అంగట్లో సరుకులా పాట పాడటం మాత్రం కొత్త. వెంకటాద్రి నాయుడు పోయాక దత్తపుత్రుల దావాలు, 1833 నాటి డొక్కల కరువు ఆ సంస్థానాన్ని కుంగదీశాయి. 1840ల్లో గుంటూరు సీమలోని వాసిరెడ్డివారి ఎస్టేటు బకాయిల కింద సర్కారు పరమైంది.

1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం ఈ పద్ధతిని పక్కాగా రాసిపెట్టింది. అదే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో నేటికీ నడుస్తోంది. దాని ప్రాణమంతా ఒక్క మాటలో ఉంది: భూమి, దాని మీది కట్టడాలు, పంట, అన్నీ శిస్తుకు పూచీ. అందుకే బాకీ మనిషితో పోదు, నేలను అంటుకునే ఉంటుంది. పాటలో కొన్నవాడు 15 శాతం అక్కడికక్కడే కట్టాలి, మిగతాది 30 రోజుల్లో కట్టాలి. పాత తాకట్టులు అతనికి తగలవు. అయితే ఆ 30 రోజుల్లోనే బాకీదారు బకాయితోపాటు పాట ధరలో 5 శాతం చెల్లిస్తే పాట రద్దు చేయించుకోవచ్చు. ఆ అయిదు శాతం కొన్నవాడిది.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో కౌంటీలు పన్ను బాకీనే అమ్ముతాయి, కొన్నవారు దానిపై వడ్డీ సంపాదిస్తారు. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం ఈ అయిదు శాతమే. మన చట్టం బాకీని వ్యాపారం చేయలేదు, దాన్ని సర్కారు చేతిలోనే ఉంచింది. నాకు ఇదే సబబుగా తోస్తుంది. అయితే సర్కారే అమ్మినా అన్యాయం జరగొచ్చు: 2023లో అమెరికా సుప్రీంకోర్టు, 15 వేల డాలర్ల బాకీకి 94 ఏళ్ల జెరాల్డీన్ టైలర్ ఇంటిని 40 వేలకు అమ్మి మిగులు తానే ఉంచుకున్న హెన్నెపిన్ కౌంటీ చేసింది తప్పని చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇదే సీమలో 65వ నంబరు జాతీయ రహదారి వెంట, పత్తి, మిర్చి వేసే నల్లరేగడిలో గజాల లెక్కన వెంచర్లు వెలిశాయి. 2014లో రాజధాని విజయవాడ దగ్గరే అన్నాక నందిగామ, కంచికచర్లల వైపు ధరలు కదిలాయి. స్థలాలు కొన్నవారిలో ఎందరో ఊళ్లో ఉండరు. పట్టణ హద్దుల్లోని ఖాళీ స్థలానికి మున్సిపల్ పన్ను ఉంది, అదీ ఆ స్థలం మీదే మొదటి భారం. ఇ.సి.లో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి. పన్ను బాకీ మామూలుగా అందులో కనిపించదు, మున్సిపల్ ఆఫీసులో అడగాలి.

జప్తు నోటీసును ఆ భూమిలోనే కనిపించే చోట అంటించాలని 1864 చట్టం అంటుంది. ఇల్లూ, చెట్టూ లేని ఈ స్థలాల్లో కనిపించే చోటంటే నాలుగు హద్దురాళ్లే.